లాటిన్ పేపరు, నవమి పానకం

మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ పూర్తిగా నమ్మరు. పాలు పోయించుకుంటే అమ్మ వేలు ముంచి చూసేది. ఎరువు బస్తా కొంటే నాయన మూతి కుట్టు దగ్గర దారం పట్టి చూసేవాడు, విప్పి మళ్లీ కుట్టారేమోనని. కోస్తా నుంచి వచ్చి కల్లూరుకీ పెనుబల్లికీ మధ్య భూములు కొనుక్కున్న కుటుంబం మాది. ఆ కొన్న రోజుల్లో ఎవరో మా తాతకు ఒక చెలక చూపించి ఇంకో చెలక రాసిచ్చారట. పొలం తర్వాత సర్దుబాటయింది గానీ అనుమానం మాత్రం ఆస్తితో పాటు మాకు సంక్రమించింది. ఇలాంటి ఇంట్లో పుట్టిన ఆడపిల్ల లాటిన్ చదువుతానంటే ఎవరు నమ్ముతారు?

నేను లాటిన్ తీసుకోవడానికి కారణం కూడా అనుమానమే. ఎనభైల మొదట్లో హైదరాబాద్‌లో యూనివర్సిటీలో ఎం.ఏ. భాషాశాస్త్రంలో చేరాను. ప్రాచీన భాష ఒకటి తప్పనిసరి. సంస్కృతం గానీ లాటిన్ గానీ తీసుకోవాలి. సంస్కృతం క్లాసుకి ఒకరోజు వెళ్లి చూశాను. సగం మంది చిన్నప్పుడే ఇంట్లో శబ్దాలు బట్టీ పట్టి వచ్చినవాళ్లు. వీళ్లతో పోటీ అంటే పందెం మొదలవకముందే ఓడిపోవడం. లాటిన్ అయితే ఎవరికీ రాదు, అందరం ఒకే గీత దగ్గర నిలబడతాం కదా అని లెక్కేశాను. లెక్క తప్పింది. కాన్వెంట్లలో చదివిన వాళ్లకు ఆ భాష సగం తెలిసినట్టే ఉండేది. నేను పట్టికలన్నీ బట్టీ పట్టాను, మాటలన్నీ నేర్చుకున్నాను. తీరా వాక్యం ముందు పెడితే ఎవరు ఎవర్ని చంపారో తేలేది కాదు. మిగతా పేపర్లన్నీ పాసై లాటిన్ ఒక్కటీ తప్పాను. అది గట్టెక్కితే తప్ప డిగ్రీ చేతికి రాదు.

పెట్టె సర్దుకుని ఇంటికొచ్చాను. వేసవిలో మళ్లీ పరీక్ష ఉంటుందని చెప్పాను. నాయన చుట్ట నోట్లోంచి తీసి, "ఒక్కసారే. ఈసారి తప్పిందనుకో, పుస్తకాలు అటకెక్కుతయ్. ఇంక చదువు ముచ్చట ఎత్తొద్దు" అన్నాడు. నాయన అన్న మాట మీద నిలబడే మనిషి. నిలబడి మనల్ని కూడా నిలబెట్టే మనిషి.

మా లాటిన్ మాస్టారు వచ్చేటప్పుడు ఒక మాట చెప్పారు. సత్తుపల్లి దాటి అడవి మొదలయ్యే చోట ఒక మిషన్ ఉందనీ, అక్కడి ముసలి ఫాదర్‌గారికి లాటిన్ కొట్టిన పిండి అనీ. ఇంట్లో ఈ మాట చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. చెప్పాక మా మేనత్త బుగ్గన వేలేసుకుంది. ఆమె మా ఇంటి వెనక వీధిలోనే ఉండేది, మా ఇంట్లో పొయ్యి వెలిగితే ఆమెకు పొగ వాసన ముందు తెలిసేది. "మిషన్‌కా? ఎందుకు పిలుస్తరో తెల్వదా మనకు?" అంది. నాయన చుట్ట చివరిదాకా కాల్చాడు. చివరికి అమ్మ కూడా వెంట వెళ్లేటట్టయితే సరేనన్నాడు.

మొదటి రోజు అమ్మ మరచెంబులో నీళ్లు పట్టుకుని బయల్దేరింది. మిషన్‌లో పనిచేసేవాళ్లు, చుట్టూ ఉండేవాళ్లు ఎక్కువమంది ఊరవతలి మాలపల్లె నుంచి మతంలో కలిసినవాళ్లు. అక్కడి నీళ్లు తాగే ప్రసక్తి లేదు. ఫాదర్‌గారు గుంటూరు వైపు మనిషి. తెల్లని గడ్డం, అరిగిపోయిన చెప్పులు. వరండాలో బల్ల వేయించి, గది తలుపులు రెండూ బార్లా తీయించి, వంటామెను పిలిచి గుమ్మంలో కూర్చోమన్నారు. ఇటు గుమ్మంలో మా అమ్మ, అటు గుమ్మంలో ఆమె. మధ్యలో నేనూ, ఫాదర్‌గారూ. సాక్షులను పెట్టుకుని చదువు చెప్పేవాణ్ని నేను అంతకుముందు చూడలేదు.

"తమరు ఏం తీసుకుంటరు?" అని అడిగింది అమ్మ.

"ఏమీ వద్దమ్మా."

"ఉట్టిగనే చెప్తరా?"

"ఉట్టిగానే. మా పూజ తెలుగులోకి మారి చాలా ఏళ్లయింది. ఇక్కడ లాటిన్ నాకూ, చెదలకూ తప్ప ఎవరికీ అక్కర్లేదు" అని నవ్వారాయన.

అమ్మ నవ్వలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా చెవిలో, "ఫీజు తీసుకునేటోడు ఫీజుతోని పోతడు. ఏమొద్దనేటోడు వెనక ఇంకేందో అడుగుతడు. చూస్తుండు" అంది. నాకు కోపం వచ్చింది. కానీ మాట మాత్రం మనసులో పడిపోయింది. ఆ రోజు నుంచి నేను ఫాదర్‌గారి ప్రతి మాటలోనూ ఆ అడగబోయే మాట కోసం ఎదురుచూశాను.

ఆయన అడిగింది ఎప్పుడూ క్రియాపదం గురించే. "ముందున్న మాట కదా అని అదే కర్త అనుకోకమ్మాయ్. లాటిన్‌లో ఎవరు ఎక్కడైనా కూర్చుంటారు. మొహం చూసి నమ్మకు, తోక చూడు" అనేవారు. మాట చివరి అక్షరాలను తోక అనేవారు. ముందు క్రియ పట్టుకోవాలి. దాన్ని నిలదీయాలి. ఎవరు చేశారు? ఎవర్ని? ఎవరికి? దేనితో? ఒక్కో మాటనూ అనుమానించి, దాని తోక పట్టుకుని, నిజం ఒప్పుకునేదాకా వదలకూడదు. ఇది మా ఇంటి విద్యే కదా అనిపించింది. యూనివర్సిటీలో ఏడాది పాటు రాని అనువాదం ఆ వరండాలో కొద్ది వారాల్లో పట్టుబడసాగింది. డు, ము, వు, లు అని విభక్తులు వల్లించి పెరిగినదాన్ని, ఈ ఆరు విభక్తులకు బెదిరిపోవడమేమిటని నామీద నాకే చిరాకు వేసింది.

పాఠంలో ఒక వాక్యం ఉండేది. అగ్రికోలా పువెల్లాయ్ అక్వామ్ దాత్. రైతు అమ్మాయికి నీళ్లు ఇస్తాడు. నేను దాన్ని పైకి చదివి అర్థం చెబుతుంటే గుమ్మంలో అమ్మ మరచెంబు మూత తిప్పి గుటక వేసింది. వంటామె అది చూసి చూపు తిప్పుకుంది. నాకు సిగ్గేసింది.

ఇంటి దగ్గర వేరే పరీక్ష మొదలైంది. మతంలో కలిసినవాళ్లు ప్రసాదం ముట్టరని మా వైపు అందరికీ తెలుసు. పేరు మార్చుకోకపోయినా, బొట్టు తీయకపోయినా, ప్రసాదం దగ్గర దొరికిపోతారు. అమ్మ శనివారం శనివారం పులిహోర, కొబ్బరి ముక్క తెచ్చి నా చేతిలో పెట్టి, నేను నమిలి మింగేదాకా ఎదురుగా నిలబడేది. ఒక్కోసారి నోరు తెరువు అంటుందేమో అనిపించేది. మంటెత్తిపోయేది గానీ తినేదాన్ని.

మిరప కోతలు మొదలవడంతో అమ్మకు నా వెంట రావడం కుదరలేదు. సత్తుపల్లిలో మా పిన్ని ఇంటి దాకా వచ్చి దిగబెట్టేది. అక్కణ్నుంచి నేనొక్కదాన్నే ఎర్రబస్సులో వెళ్లేదాన్ని. అమ్మ లేని మొదటి రోజే వంటామె గ్లాసుతో బెల్లం టీ తెచ్చింది. "తాగుతవా బిడ్డా, తాగవా?" అని దూరంగా నిలబడి అడిగింది. తాగాను. అల్లం దంచి వేసిన టీ, గొంతులో హాయిగా దిగింది. ఆ తర్వాత వెళ్లినప్పుడల్లా తాగాను. ఇంట్లో చెప్పలేదు.

ముక్కోటి ఏకాదశికి అందరం భద్రాచలం వెళ్లాం. ఉత్తర ద్వారం ముందు జనంలో నలుగుతూ, ఇంకొక్కసారి తప్పితే నా బతుకు అటక మీదికే అనుకుంటూ, నేనొక మొక్కు మొక్కాను. లాటిన్ పాసయ్యేదాకా బెల్లం ముట్టను రామయ్యా, పాసయ్యాక నీ దగ్గరికొచ్చే నోట్లో వేసుకుంటాను అని. దేవుడి మీద నాకంత నమ్మకం లేదు. కానీ పరీక్ష మీద భయం ఉంది కదా. మొక్కు బయటికి చెబితే ఫలించదంటారు. అందుకని ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో బెల్లం తప్పించుకోవడం కష్టం కాలేదు. పన్ను సలుపుతోందన్నాను. మిషన్‌లో మాత్రం టీ వద్దంటే వంటామె మొహం మాడిపోయింది. రెండోసారి కూడా వద్దనేసరికి గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత అడగడం మానేసింది. ఫాదర్‌గారిలోనూ ఏదో మార్పు వచ్చింది. అంతకుముందు తలుపులు తీసి ఉంచేవారు, ఇప్పుడు కిటికీలు కూడా తీయించారు. పాఠంలో దేవుడు అన్న మాట వస్తే, "ఇది రోమన్ల దేవుడమ్మా, మా దేవుడు కాదు" అని పని గట్టుకుని చెప్పేవారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఈయన ఎందుకింత జాగ్రత్త పడుతున్నాడు? అమ్మ చెప్పిన అసలు మాట ఇక అడుగుతాడేమో అనుకున్నాను.

శ్రీరామనవమి వచ్చింది. పరీక్ష ఇంకో వారం ఉంది. ఆ ఏడు ఊరి పందిట్లో పానకం వంతు మాది. బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన పానకం కాగుల్లో నిండుగా ఉంది. నాయనే గరిటె పట్టుకుని ఊరందరికీ పోస్తున్నాడు. తప్పించుకుందామని వెనక నిలబడ్డాను. మేనత్త నా రెక్క పట్టుకుని ముందుకు తోసింది. నాయన గ్లాసు నిండా పోసి నా ముందుకు చాపాడు.

నేను చేయి వెనక్కి తీసుకున్నాను. "తర్వాత తాగుతా నాయనా" అన్నాను.

"తర్వాతేంది? పట్టు."

"ఇప్పుడొద్దు."

పందిట్లో అందరూ ఇటు తిరిగారు. పన్ను నొప్పి అనబోయాను గానీ పానకానికి పన్నుతో పనేముంది? మేనత్త అందరికీ వినబడేటట్టు, "నే జెప్తనే ఉన్న. అయిపోయింది. కలిసింది" అంది. నాయన ఆ గ్లాసు నా పక్కనున్న వాళ్లకిచ్చి మళ్లీ గరిటె ముంచాడు. ఇంటికొచ్చాక ఒకే మాట అన్నాడు. "హైదరాబాద్ లేదు, పరీక్ష లేదు. రేపు పట్టాభిషేకం పరమాన్నం తెస్త. అది నా ముందు తింటే అప్పుడు చూద్దాం."

పరమాన్నమంటే మళ్లీ బెల్లమే. తింటే మొక్కు పోతుంది. చెప్పినా పోతుంది. తినకపోతే పరీక్ష పోతుంది. రాముడికి మొక్కి రాముడి పానకం వద్దన్న పిచ్చిదాన్ని నేను. నవ్వాలో ఏడవాలో తెలియక ఏడ్చాను.

తెల్లారగానే అమ్మ నన్ను బస్సెక్కించింది. "ఆయన్నే అడుగుత" అంది. మిషన్ మెట్ల మీద నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, ఫాదర్‌గారిని పిలిచింది. "ఏం జేసిన్రు నా బిడ్డను? నిన్న ఊరందరి ముందు వాళ్ల నాయన చేతి పానకం ముట్టలే. నిజం చెప్పున్రి."

ఆయన మొహం పాలిపోయింది. నెమ్మదిగా, "అమ్మా, మీ అమ్మాయిని మీ ఊరివాళ్లు నామీదికి పంపారేమోనని నేనే భయపడుతున్నాను" అన్నారు. "మతం మారుస్తున్నానని కేసు పెట్టడానికి సాక్ష్యం కోసం వస్తోందేమో అనుకున్నాను. అందుకే తలుపులు తీసి ఉంచాను. ఇన్ని నెలల్లో మా ప్రార్థన ఒక్క ముక్క ఈ పిల్ల చెవిన వేయలేదు. ఆమెనే అడగండి."

నేను ఆయన్ని కాపలా కాస్తుంటే ఆయన నన్ను కాపలా కాశాడన్న మాట.

ఇంతలో గుమ్మంలోంచి వంటామె అంది, "పానకమే కాదు దొరసానమ్మా, నా టీ గూడ మానింది. సంక్రాంతి ముందటి దాక మంచిగ తాగేది. బెల్లం టీ. మా చేతిది కులం తక్కువైందేమో, ఎవరన్న చెప్పిన్రేమో అనుకున్న. చక్కెర వేసిస్తే తాగేదేమో, అడగబుద్ధి గాలే."

ఫాదర్‌గారు తలెత్తి నావైపు చూశారు. "టీ మానిందంటే కావలసిన సాక్ష్యం దొరికింది కాబోలు అనుకున్నాను నేను" అన్నారు. ఆ తర్వాత అమ్మవైపు తిరిగి, "బెల్లం మానిందమ్మా. ఇక్కడా మానింది, అక్కడా మానింది. మా నాయనమ్మ కూడా ఇట్లాగే ఏవేవో మానేది. ఎందుకని మేమెవరం అడిగేవాళ్లం కాదు" అన్నారు.

అమ్మ నా మొహంలోకి చూసింది. నేను తల దించుకున్నాను. ఒక్క మాట అడిగితే చాలు, నా నోట్లోంచి నిజం దూకేసేది. అడగలేదు. "ఎన్నాళ్లు తాగినవే టీ?" అని మాత్రం అడిగింది. మిరప కోతల నుంచి అన్నాను. అమ్మ నన్ను బయట నిలబెట్టి వంటామెతో పక్కకు వెళ్లి ఏదో అడిగింది. వచ్చి బస్సెక్కమంది. దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది.

ఇంటికి చేరేసరికి నాయన వసారాలో కూర్చుని ఉన్నాడు. పక్కన మేనత్త. పీట మీద ఆకుదొన్నెలో పరమాన్నం. నాయన దొన్నె చేతిలోకి తీసుకుని లేచాడు.

"ముట్టుకోకున్రి" అంది అమ్మ. "పిల్ల బయట చేరింది."

నాయన చేయి ఆగిపోయింది.

"నిన్న పందిట్లనే దానికి అనుమానం తగిలిందంట" అని అమ్మ నిదానంగా చెప్పుకుపోయింది. "అందుకే చెయ్యి వెనక్కి తీసుకుంది. అంతమంది మగోళ్ల ముందట, తండ్రికి ఎట్ల చెప్తది? దేవుడి ప్రసాదం మైల చెయ్యొద్దని పిల్ల అవమానం పడ్డది. మీరేమో ఇంత రచ్చ చేసిన్రి."

మా నాయన అంత చిన్నబోవడం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. దొన్నె పీట మీద పెట్టి, కండువా దులిపి భుజాన వేసుకుని, ఇటు చూడకుండా పొలం వైపు వెళ్లిపోయాడు. మేనత్త మాత్రం నన్ను ఎగాదిగా చూసింది. "అయితే పందిరి మైలపడ్డట్టే గదా" అంది. "పసుపు నీళ్లు చల్లి వస్త తీ" అని అమ్మ అప్పటికప్పుడే చెంబు పట్టుకుని వెళ్లింది.

అబద్ధమాడితే అతికినట్టుండాలి అంటారు. మా అమ్మ అతికించి పైన ఇస్త్రీ చేసింది. నాకు వసారాలో చాప వేసింది, కంచం గ్లాసు వేరే పెట్టింది, అన్నం పైనుంచి జారవిడిచింది. మేనత్త రోజుకు రెండు మూడు సార్లు వచ్చి చూసిపోయేది. పొయ్యి దగ్గరికి రాకూడదు, బావి దగ్గరికి పోకూడదు, చీపురు పట్టకూడదు. చేతిలో పుస్తకం ఒక్కటే. లాటిన్ క్రియలన్నీ ఆ చాప మీద మళ్లీ మొదటి నుంచి తిరగేశాను. కాసేపు గొంతు ఆగితే చాలు, లోపల్నుంచి అమ్మ, "ఆగినవేంది? చదువు" అనేది. ఆ మాటలు మంత్రాల్లా ఉన్నాయని నెలల తరబడి చెవులు మూసుకున్న మనిషి.

పరీక్షకు నాయనే వెంట వచ్చాడు. ఖమ్మంలో రైలెక్కేటప్పుడు నా పెట్టె ఆయనే మోశాడు. దారిలో మిరప ధర గురించి మాట్లాడాడు, పానకం గురించి మాట్లాడలేదు. హాల్లో ప్రశ్నాపత్రం ఇచ్చారు. నది దాటి వస్తున్న సైన్యం గురించి పొడవాటి పేరా ఉంది. మొదటి మాట మొహం నమ్మలేదు. క్రియ దగ్గరికి పోయి నిలదీశాను. ఎవరు, ఎవర్ని, ఎవరికి, దేనితో. ఒక్కొక్కటీ లొంగింది.

పాసయ్యాను. నేను భద్రాచలం పోదామంటే అమ్మ ఎందుకని అడగలేదు, చీర మార్చుకుని బయల్దేరింది. దర్శనం అయ్యాక గుడి మెట్ల మీద కూర్చుని, కొంగున కట్టుకొచ్చిన బెల్లం ముక్క తీసి నోట్లో వేసుకున్నాను. అమ్మ నన్నే చూస్తోంది.

"అయితే మొక్కేనన్నట్టు" అంది.

నేను ఆశ్చర్యపోయాను. "నీకు ఆ రోజే తెలుసు కదమ్మా. ఫాదర్‌గారు చెప్పినప్పుడే అర్థమైంది కదా."

"ఏం అర్థమైంది? బెల్లం మానినవని తెలిసింది. ఎవలకు మొక్కి మానినవో నాకేం తెలుసు? ఈస్టర్ పండుగ ముందు మిషనోళ్లు గూడ దినాల తరబడి ఏదో ఒకటి తినుడు మానుకుంటరంట. వంటామెను అడిగి తెలుసుకున్న. ఇంటికొచ్చినంక గూడ అనుమానమే ఉండె నాకు. ఇదిగో, నువ్వు ఇప్పుడు నోట్లో వేసుకునేదాక ఉండె."

"మరి నాయనతో అట్ల ఎందుకు చెప్పినవ్?"

అమ్మ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "పరీక్ష రాయాలె గదనే నువ్వు" అంది.

పట్టాభిషేకం పూట, ఊరి దేవుడి విషయంలో, కట్టుకున్న మొగుడితో అంత అబద్ధమాడింది నన్ను నమ్మబట్టే అని నేను అనుకుంటూ వచ్చాను. నమ్మకుండానే ఆడింది. ఆ మెట్ల మీద, వచ్చేపోయే జనం మధ్య, నోట్లో బెల్లం ఉండగానే నేను ఏడ్చాను. అమ్మ కొంగుతో నా మూతి తుడిచి, బస్సు వేళవుతోంది లెమ్మంది.